తప్పుల చిట్టా: ప్రోగ్రామరు దినచర్య, పనిముట్లు

తన జ్ఞాపకశక్తిని నమ్ముకొని మనిషి చేసిన పనులకంటె, తన మరపును గుర్తెరిగి చేసిన పనులే చిరకాలం నిలిచినవి. లిపి పుట్టినది మరపువల్లనే. లెక్కల పుస్తకం పుట్టినదీ మరపువల్లనే. మన కాలంలో కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారు తమ నిత్యజీవితంలో వాడే పనిముట్లను కొంత దగ్గరగా పరిశీలిస్తే, వాటిలో అధికభాగం ఈ మరపునకూ, పొరపాటునకూ విరుగుడుగా పుట్టినవేనని తెలుస్తుంది. తెలుగు చెప్పుకొనే ఉపన్యాసకునికి ఈ విషయంతో ఏమి సంబంధమని విద్యార్థులు అడుగవచ్చును. సంబంధం ఉన్నది. అది నా పొరపాటుతోనే మొదలైనది.

కొన్ని సంవత్సరాల క్రిందట ఇటువంటి వార్షిక సంచికకే తెలుగు విభాగం బాధ్యత నాకు అప్పగించబడినది. పదవీ విరమణ చేసిన ఒక ఉర్దూ ఉపాధ్యాయులు, మేమందరం ఉస్తాద్ అని పిలిచే పెద్దలు, తాము పనిచేసిన పల్లెటూరి బడిని గురించి తెలుగులో ఒక జ్ఞాపకవ్యాసం ఇచ్చారు. మొదటి ప్రతిలో ఆ బడి బావిని త్రవ్వించిన ఘనత గ్రామంలోని ఒక ధనికునికి చెందినట్లు వ్రాశారు. నెల తరువాత స్వయంగా వచ్చి, తాము ఆ ఊరికి పోయి విచారించినామనీ, బావిని త్రవ్వినది కూలి పుచ్చుకొనని కొన్ని వడ్డెర కుటుంబాలవారనీ చెప్పి, ఆ పేరా మొత్తం మార్పించారు. నేను ఎదురుగానే కూర్చుని దిద్దాను. కాని నా కంప్యూటరులో ఆ వ్యాసం "చివరిది" అని ఒకటి, "చివరిది కొత్తది" అని ఒకటి, "అసలు చివరిది" అని మరొకటి, ఇట్లా నాలుగైదు పేర్లతో ఉన్నది. అచ్చునకు పోయినది దిద్దని ప్రతి. సంచిక చేతికి వచ్చిన రోజున ఉస్తాద్ నన్ను ఒక్క మాట కూడ అనలేదు. జేబులోని కలం తీసి, తమ ప్రతిలో ఆ పేరాను కొట్టివేసి, అంచున సన్నని అక్షరాలతో సరియైన విషయం వ్రాసుకొన్నారు. ఆ మౌనం నాకు ఇంకా గుర్తున్నది. ఒక ఊరి బడికి నీరిచ్చిన మనుషుల పేరు నా అజాగ్రత్తవల్ల అచ్చులో లేకుండా పోయినది.

ఈ సంగతి విని, ప్రస్తుతం హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న మా పూర్వవిద్యార్థి ఒకడు, "సార్, ఇది మా వృత్తిలో ప్రతిదినం వచ్చే సమస్యయే. దీనికి మావద్ద యాభై ఏండ్ల నాటి మందు ఉన్నది" అని రెండు సాయంకాలాలు కూర్చుని వివరించాడు. తరువాత నేను చదివి తెలుసుకొన్నదీ, వాడివల్ల నేర్చినదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

ప్రోగ్రామరు వ్రాసేది కూడ పాఠమే

ప్రోగ్రాం అనగా యంత్రం చేయవలసిన పనిని, యంత్రానికి అర్థమయ్యే క్రమంలో వ్రాసిన ఆదేశాల సంపుటి. ప్రోగ్రామరు వ్రాసేది మనిషి చదువగల పాఠమే. వాక్యాలు వలె పంక్తులుంటాయి, అధ్యాయాల వలె ఫైళ్ళుంటాయి. దానిని మూలపాఠం అందాము. కంపైలరు అనే మరొక ప్రోగ్రాం ఆ మూలపాఠాన్ని యంత్రభాషలోనికి అనువదిస్తుంది. మన వ్యాసంలో ఒక అక్షరం తప్పిపోతే పాఠకుడు తానే సరిచేసుకొని చదువుకొంటాడు. యంత్రానికి ఆ ఔదార్యం లేదు. ఒక బిందువు తప్పినా అది ఆగిపోతుంది, లేదా అంతకంటె ప్రమాదకరంగా, ఆగకుండా తప్పు పని చేసుకొంటూ పోతుంది.

అందువల్ల ప్రోగ్రామరు దినంలో కొత్తగా వ్రాసే సమయంకంటె, వ్రాసినదానిని దిద్దే సమయం, తప్పు ఎక్కడున్నదో వెదకే సమయం సాధారణంగా ఎక్కువ. వాని పనిముట్లన్నీ ఈ మూడు పనులకే: వ్రాయడం, వెదకడం, మార్పును గుర్తుంచుకోవడం. మొదటిదానికి ఎడిటరు అనే పరికరం ఉన్నది. రెండవదానికి 1970ల మొదటి భాగంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్ తయారుచేసిన గ్రెప్ వంటివి ఉన్నవి. వేల పంక్తులలో ఒక పదం ఎక్కడెక్కడ వచ్చినదో అది క్షణంలో చూపుతుంది. భారతానికి పదసూచిక తయారుచేయడానికి పండితులు ఎంత కాలం వెచ్చించవలసి వస్తుందో తెలిసినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. మూడవ పని, అంటే మార్పును గుర్తుంచుకోవడం, నా పొరపాటునకు సంబంధించినది. కనుక దానిని గురించే ఎక్కువగా చెప్పదలచాను.

పుస్తకంలో అంటించిన పురుగు

1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ 2 అనే భారీ గణనయంత్రం సరిగా పనిచేయలేదు. అందులో రిలేలు అనే విద్యుత్ మీటలు వేలకొలది ఉండేవి. పనివారు వెదకగా, ఒక రిలేలో చిక్కుకొని చచ్చిన రెక్కల పురుగు కనిపించినది. వారు దానిని పారవేయలేదు. ఆ రోజు దినచర్య పుస్తకంలో టేపుతో అంటించి, సమయం వేసి, నిజమైన పురుగు దొరకడం ఇదే మొదటిసారి అని చమత్కారంగా వ్రాశారు. ఆ చమత్కారం అర్థం కావాలంటే ఒక విషయం తెలియవలెను. యంత్రంలోని దోషాన్ని ఆంగ్లంలో "బగ్" అనడం అప్పటికే ఇంజనీర్లలో వాడుకలో ఉన్నది. 1878 నాటికే థామస్ ఎడిసన్ తన ఉత్తరంలో ఆ మాట వాడాడు. మార్క్ 2పై పనిచేసిన గ్రేస్ హాపర్ తరువాతి కాలంలో ఈ కథను అనేక సభలలో చెప్పి ప్రసిద్ధం చేశారు. ఆ పుస్తకం, అందులోని పురుగుతో సహా, నేడు వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది.

ఇక్కడ పురుగుకంటె పుస్తకమే ముఖ్యమైనది. యంత్రం ఎప్పుడు ఆగినది, ఎందుకు ఆగినది, ఎవరు ఏమి చేసి సరిచేశారు అనే విషయాలను ఏ రోజుకారోజు వ్రాసి పెట్టుకొనే అలవాటు వారికి ఉన్నది కనుకనే ఆ పురుగు చరిత్రలో నిలిచినది. తప్పును దాచిపెట్టవలసిన అవమానంగా వారు భావించలేదు. అది పనిలో ఒక భాగమని గుర్తించి, దానికి ఒక పేజీ ఇచ్చారు.

ఒక ఆచార్యుని తప్పుల పట్టిక

ఈ అలవాటును పరాకాష్ఠకు తీసికొనిపోయినవారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు డొనాల్డ్ నూత్. 1977లో తమ గ్రంథం రెండవ సంపుటం కొత్త ముద్రణకు వచ్చిన అచ్చు నమూనాలను చూచి, అక్షరాల అందం చెడినదని ఆయన బాధపడ్డారు. ఇతరులైతే ముద్రాపకునికి ఒక ఉత్తరం వ్రాసి ఊరుకొనేవారు. ఆయన గణితగ్రంథాలను అందంగా కూర్చే ప్రోగ్రామునే స్వయంగా వ్రాయడానికి పూనుకొన్నారు. అదే టెక్. నేటికీ ప్రపంచంలోని గణిత, భౌతికశాస్త్ర పరిశోధనపత్రాలలో చాలా భాగం దాని ఆధారంగానే కూర్చబడుతున్నవి.

1978లో ఆ ప్రోగ్రామును మొదటిసారిగా పరీక్షించిన నాటినుండి, అందులో తాము చేసిన ప్రతి మార్పునూ నూత్ ఒక చిట్టాలో వ్రాసుకొన్నారు. పదకొండు సంవత్సరాల తరువాత, 1989లో ఆ చిట్టాను యథాతథంగా జతపరచి ఒక వ్యాసం ప్రకటించారు. అందులో 850కి పైగా పద్దులున్నవి. వాటిని ఆయన 15 తరగతులుగా విభజించారు. పద్ధతిలోనే ఉన్న లోపాలు ఒక తరగతి. తెలిసి ఉండీ చేసిన తెలివితక్కువ పొరపాట్లు మరొక తరగతి. చేయదలచి మరచిపోయినవి, రెండు భాగాల మధ్య పొత్తు కుదరనివి, ఎవరూ ఊహించని పరిస్థితిలో బయటపడినవి, కేవలం వ్రాతతప్పులు, ఇట్లా వేరువేరుగా చూపారు. కొన్ని తరగతులు తప్పులు కావు, వాడుకరుల సౌకర్యం కొరకు చేసిన మెరుగులు. ప్రపంచప్రసిద్ధుడైన ఆచార్యుడు తన పొరపాట్లను వరుస సంఖ్యలు వేసి లోకం ముందు పెట్టడం సామాన్యమైన సాహసం కాదు. పండితునికి తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో మన సాహిత్యవివాదాల చరిత్ర చదివినవారికి తెలుసు.

ఇంతటితో ఆయన ఆగలేదు. తమ గ్రంథాలలో తప్పు చూపినవారికి 2.56 డాలర్ల చెక్కు పంపేవారు. ఆ సంఖ్యలో ఒక చమత్కారం ఉన్నది. కంప్యూటరు శాస్త్రజ్ఞులకు ప్రియమైన పదహారు అంకెల లెక్కింపులో నూరు అని వ్రాసే సంఖ్య విలువ 256. కనుక అది వారి లెక్కలో ఒక డాలరు. ఆ చెక్కును బ్యాంకులో మార్చుకొనక, చట్రం కట్టించి గోడకు తగిలించుకొన్నవారే ఎక్కువ. బ్యాంకు మోసాల భయంతో 2008నుండి ఆయన నిజమైన చెక్కులు మాని, ఒక కల్పిత బ్యాంకు పేర ధ్రువపత్రాలు ఇస్తున్నారు. ఇక టెక్ రూపాంతరాల సంఖ్యలు 3.14, 3.141, 3.1415 అని గణితంలోని "పై" విలువవైపు ఒక్కొక్క అంకె చొప్పున పెరుగుతూ పోతాయి. అంటే గ్రంథం పూర్ణత్వానికి దగ్గరవుతూనే ఉంటుంది, ఎన్నటికీ చేరదు. ఆ సంఖ్యలోనే ఆయన వినయం ఉన్నది.

తేడాలు చూపే పరికరం

చిట్టా వ్రాయడం మంచిదే. కాని రెండు ప్రతుల మధ్య ఏమి మారినదో కంటితో చూచి పట్టుకోవడం కష్టం. నా విషయంలో జరిగినది అదే. నాలుగైదు ప్రతులు తెరచి చూచినా అన్నీ ఒకే విధంగా కనిపించినవి.

ఈ పని మన సాహిత్యంవారికి కొత్తది కాదు. సి. పి. బ్రౌన్ దొర కడపలో తమ ఇంటనే పండితులను నియమించి, తాళపత్రప్రతులను సేకరింపజేసి, ఒకదానితో ఒకటి పోల్పించి, పాఠాంతరాలు గుర్తింపజేసిన సంగతి మనకు తెలిసినదే. వేమన పద్యాలను ఆయన 1829లో అచ్చువేయించినది ఈ కృషి ఫలితమే. ఒకరు ఒక ప్రతిని చదువుతుండగా, మరొకరు మరొక ప్రతిలో వ్రేలు పెట్టి చూచుకోవడం పూర్వపు పరిష్కర్తల పద్ధతి.

ఇదే పనిని యంత్రం చేత చేయించినవారు బెల్ ప్రయోగశాలలకు చెందిన డగ్లస్ మెకిల్‌రాయ్. డిఫ్ అనే ఆ పరికరం 1974లో యూనిక్స్ వ్యవస్థతోపాటు వెలువడినది. అది వాడిన పద్ధతిని ఆయన జేమ్స్ హంట్‌తో కలిసి 1976లో వివరించారు. దాని సూత్రం సులభంగానే చెప్పవచ్చును. రెండు ప్రతులలోనూ ఉన్న పంక్తులలో, క్రమం తప్పకుండా రెండింటిలోనూ వచ్చే అతిపొడవైన వరుసను ముందు కనుగొంటుంది. ఆ వరుసలో లేనివన్నీ తేడాలే. మొదటి ప్రతిలో ఉండి రెండవదానిలో లేనివి తొలగించినవి. రెండవదానిలోనే ఉన్నవి చేర్చినవి. ఈనాడు తెరపై తొలగించినవాటి ముందు తీసివేత గుర్తు, చేర్చినవాటి ముందు కూడిక గుర్తు కనిపిస్తాయి. లక్ష పంక్తులలో ఒక అక్షరం మారినా ఆ పంక్తి బయటపడుతుంది. 1985లో లారీ వాల్ ప్యాచ్ అనే జంట పరికరాన్ని అందించాడు. గ్రంథం మొత్తం పంపకుండా తేడాల జాబితా మాత్రమే పంపితే, అందుకొన్నవాడు తన ప్రతిలో ఆ మార్పులను ప్యాచ్ చేత చేయించుకొంటాడు. ఒక విధంగా ఇది మన పుస్తకాల చివర ఉండే తప్పొప్పుల పట్టిక. కాకపోతే తనంతట తానే గ్రంథంలో దిద్దుకొనే పట్టిక.

తెలుగువారు ఇక్కడ ఒక సూక్ష్మం గమనించవలెను. యూనికోడ్ అనే అంతర్జాతీయ సంకేతపద్ధతిలో 1991లో వెలువడిన మొదటి రూపంలోనే తెలుగుకు స్థానం ఉన్నది. అయినప్పటికీ అచ్చుపనిలో చాలా కాలం ఒక్కొక్క అక్షరరూపానికి ఒక్కొక్క సొంత సంకేతం వాడడంవల్ల, ఒకచోట టైపు చేసినది మరొకచోట గజిబిజిగా కనిపించేది. యూనికోడ్‌లో వ్రాసినప్పుడే డిఫ్ వంటివి తెలుగునకు సరిగా ఉపకరిస్తాయి. అందులోనూ ఒక చిక్కున్నది. ఐత్వాన్ని ఒకే గుర్తుగా నమోదు చేయవచ్చును, లేదా ఎత్వమూ దాని క్రింది గుర్తూ కలిపి రెండుగానూ నమోదు చేయవచ్చును. కంటికి రెండూ ఒకటే "కై". యూనికోడ్ నియమం ప్రకారమూ రెండూ సమానమే. కాని పంక్తులను సంకేతాల వరుసగా మాత్రమే చూచే పరికరం అవి వేరని చెబుతుంది. కంటికి కనిపించేదంతా పాఠం కాదనీ, కనిపించనిది కూడ పాఠంలో ఉంటుందనీ నేను మొదటిసారి తెలుసుకొన్నది ఈ ఐత్వంవల్లనే.

ప్రతుల భాండాగారం

తేడా తెలిసిన తరువాత, పాత ప్రతులను ఏమి చేయవలెను? నావలె "అసలు చివరిది" అని పేరు పెట్టుకొంటూ పోవడం మూర్ఖత్వం. పారవేయడం అంతకంటె మూర్ఖత్వం. దీనికి మొదటి పరిష్కారం 1972లో బెల్ ప్రయోగశాలలలోనే మార్క్ రోచ్‌కైండ్ చూపాడు. ఫైలు పేరు ఒక్కటే ఉంటుంది. దాని వెనుక అన్ని మార్పులనూ ఆ వ్యవస్థ దాచి ఉంచుతుంది. ఏ తేదీనాటి రూపం కావలెనన్నా తీసి ఇస్తుంది. 1980ల ఆరంభంలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ దీనిని మెరుగుపరచాడు. అందరికీ తరచుగా కావలసినది తాజా ప్రతియే కనుక, దానిని పూర్తిగా ఉంచి, వెనుకటివాటికి తేడాలు మాత్రమే దాచడం ఆయన పద్ధతి.

నేడు లోకంలో అత్యధికంగా వాడుకలో ఉన్నది గిట్. లినక్స్ వ్యవస్థకు మూలపురుషుడైన లైనస్ టోర్వాల్డ్స్ దానిని 2005 ఏప్రిల్‌లో ప్రారంభించాడు. అంతవరకు లినక్స్‌వారు వాడుతున్న బిట్‌కీపర్ అనే వ్యవస్థకు ఉచిత అనుమతి రద్దుకావడం అందుకు కారణం. కొద్ది రోజులలోనే గిట్ తన మూలపాఠాన్ని తానే భద్రపరచుకొనే స్థితికి వచ్చినది. కొన్ని నెలల తరువాత దాని నిర్వహణను జూనియో హమానో స్వీకరించారు.

గిట్‌లో ప్రతి దశనూ కమిట్ అంటారు. కమిట్ చేసినప్పుడల్లా గ్రంథం మొత్తం ఆ క్షణంలో ఎట్లా ఉన్నదో ఒక ఛాయాచిత్రం వలె నమోదవుతుంది. దానికి 40 గుర్తులు గల ఒక ముద్ర ఏర్పడుతుంది. ఆ ముద్రను ఎవరూ పెట్టరు. గ్రంథంలోని అక్షరాలనుండి, రచయిత పేరు, సమయం, వెనుకటి కమిట్ ముద్ర అన్నింటినుండి గణితం ద్వారా అది పుడుతుంది. ఒక్క అక్షరం మారినా ముద్ర పూర్తిగా మారుతుంది. వెనుకటి ముద్ర తరువాతి దానిలో ఇమిడి ఉన్నది కనుక, గతంలో ఎక్కడో ఒక పేరా రహస్యంగా మార్చితే, అక్కడినుండి నేటివరకు ఉన్న ముద్రలన్నీ మారక తప్పదు. అంటే చరిత్రను మార్చడం అసాధ్యం కాదు గాని, పాత ముద్ర ఎవరివద్దనైనా ఉన్నంతకాలం ఎవరికీ తెలియకుండా మార్చడం దుస్సాధ్యం. ఇంతేకాక, గ్రంథాన్ని తీసుకొన్న ప్రతివారి వద్దనూ సాధారణంగా ఆ చరిత్ర మొత్తం ఉంటుంది. ఒక యంత్రం చెడినా భాండాగారం నశించదు.

ఏమి మార్చితిమి, ఎందుకు మార్చితిమి

ఇంతవరకు చెప్పినది యంత్రం చేసే పని. మనిషి చేయవలసినది ఒకటి మిగిలి ఉన్నది. ప్రతి కమిట్‌కు ఒక వివరణ వ్రాయవలెను. మొదటి పంక్తి ఉత్తరం తలకట్టు వలె పొట్టిగా, ఆంగ్లంలో సుమారు 50 అక్షరాలలోపల ఉండవలెననీ, తరువాత ఒక పంక్తి ఖాళీ విడిచి విషయం విస్తరించవలెననీ సంప్రదాయం. ఏమి మారినదో డిఫ్ చూపుతుంది. ఎందుకు మారినదో డిఫ్ చెప్పలేదు. అది మనిషే వ్రాయవలెను. "దిద్దాను" అని వ్రాసేవాడు అప్రయోజకుడు. "బావిని గురించిన పేరా మార్పు. రచయిత ఊరికి పోయి విచారించగా తెలిసిన విషయం" అని వ్రాసేవాడు తరువాతి తరానికి ఉపకారి. ఆ ఒక్క వాక్యం నేనానాడు వ్రాసి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన అగత్యమే ఉండేది కాదు.

వివరణలు సరిగా ఉన్నప్పుడు రెండు గొప్ప ప్రయోజనాలు కలుగుతాయి. మొదటిది, ఏ పంక్తిని చివరిసారి ఎవరు, ఎప్పుడు, ఏ కమిట్‌లో మార్చారో చూడవచ్చును. ఆ ఆదేశానికి ఆంగ్లంలో "నింద" అనే అర్థం గల పేరు పెట్టారు. పేరు కటువైనదే గాని, అనుభవజ్ఞులు దానిని నిందించడానికి వాడరు. ఆ పంక్తి వెనుక ఉన్న ఆలోచన తెలుసుకోవడానికి వాడుతారు. మా విద్యార్థి నవ్వుతూ, "సార్, ఎవరురా ఈ తెలివితక్కువ పని చేసినదని చూస్తే పదింట ఆరుసార్లు నా పేరే వస్తుంది" అన్నాడు.

రెండవది, తప్పు ఎప్పుడు ప్రవేశించినదో పట్టుకోవడం. వేయి కమిట్‌ల క్రిందట ప్రోగ్రాం సరిగా ఉన్నది, నేడు సరిగా లేదు అనుకొందాము. వేయింటినీ పరీక్షించనక్కరలేదు. మధ్యనున్న అయిదువందలవదానిని పరీక్షించిన చాలును. అది సరిగా ఉంటే తప్పు రెండవ సగంలో ఉన్నది, లేకుంటే మొదటి సగంలో. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయవలెను. ఇట్లా పది పరీక్షలలో ఆ ఒక్క కమిట్ దొరుకుతుంది. నిఘంటువులో మాట వెదకేటప్పుడు మనం చేసే పని కూడ ఇటువంటిదే.

ఒక ఉదయం వ్యర్థమైనందువల్ల

పనిముట్ల ప్రసంగంలో మేక్‌ను విడువరాదు. పెద్ద ప్రోగ్రాంలో వందల ఫైళ్ళుంటాయి. ఒకటి దిద్దినప్పుడు దానిపై ఆధారపడినవాటినన్నిటినీ మళ్ళీ యంత్రభాషలోనికి మార్చవలెను. బెల్ ప్రయోగశాలలలో స్టీవ్ జాన్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఫైలులో తప్పు దిద్ది, దానిని మళ్ళీ కంపైల్ చేయడం మరచి, సరిగానే ఉన్న ప్రోగ్రాంలో తప్పు వెదకుతూ ఒక ఉదయమంతా వ్యర్థం చేసుకొన్నాడు. ఆ విసుగుతో తన మిత్రుడు స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదికి పోయి మొరపెట్టుకొన్నాడు. ఫలితంగా 1976లో ఫెల్డ్‌మన్ మేక్‌ను తయారుచేశాడు. ఏది దేనిపై ఆధారపడినదో ఒక ఫైలులో వ్రాసి ఇస్తే, తేదీలు చూచి, మారినవాటినీ వాటిపై ఆధారపడినవాటినీ మాత్రమే మళ్ళీ తయారుచేస్తుంది. ఆలోచిస్తే నా కథా, జాన్సన్ కథా ఒకటే. ఇద్దరమూ దిద్దాము. దిద్దినది గమ్యం చేరలేదు.

మేక్‌లో ఒక లోపమూ ఉన్నది. అందులో ఆదేశపు పంక్తి మొదట ట్యాబ్ అనే ఖాళీ గుర్తు ఉండవలెను. దాని స్థానంలో మామూలు ఖాళీలు పెడితే కంటికి తేడా కనిపించదు గాని పని నడవదు. ఫెల్డ్‌మన్ దీనిని మార్చుదామనుకొనేసరికి పదిపన్నెండుమంది మిత్రులు అప్పటికే దానిని వాడుతున్నారు. వారికి ఇబ్బంది కలుగరాదని విడిచిపెట్టాడు. ఆ పదిపన్నెండుమందిపై దయచూపినందువల్ల యాభై ఏండ్లుగా ప్రపంచంలోని ప్రోగ్రామర్లు ఆ ట్యాబ్‌తో బాధపడుతున్నారు. తప్పును దిద్దడానికి అనువైన కాలం అది చిన్నదిగా ఉన్నప్పుడే.

యంత్రమే వ్రాస్తున్న కాలంలో

ఇప్పుడు ప్రోగ్రాములను యంత్రమే వ్రాస్తున్నది కదా, ఈ చిట్టాలెందుకని కొందరు విద్యార్థులు నన్ను అడిగారు. నిజమే. 2021లో పరిచయమై 2022లో సర్వులకూ అందుబాటులోనికి వచ్చిన కోపైలట్ వంటి కృత్రిమ మేధాసాధనాలు, అడిగిన పనికి తగిన పంక్తులను తామే వ్రాసి చూపుతున్నవి. అయితే యంత్రం వ్రాసిన పంక్తికి కూడ బాధ్యత వహించేది దానిని అంగీకరించి కమిట్ చేసిన మనిషే. ఆ పంక్తి ఎందుకు కావలసి వచ్చినదో, ఎవరి అవసరం తీర్చడానికి పెట్టినదో చెప్పవలసిన భారం తగ్గలేదు. పంక్తులు వేగంగా పుడుతున్న కొలది, వాటిని చదివి, పోల్చి, కారణం వ్రాసేవాని అవసరం పెరుగుతున్నది. మన విద్యార్థులలో ఎందరో ఈ వృత్తిలో ప్రవేశించబోతున్నారు. వారికి నేను చెప్పదలచినది ఒక్కటే. తెలుగులోనైనా, ఉర్దూలోనైనా, ఆంగ్లంలోనైనా ఒక విషయాన్ని నాలుగు వాక్యాలలో స్పష్టంగా వ్రాయగలగడం ఆ వృత్తికి బయటి విద్య కాదు, లోపలి విద్యయే.

ఆ సంవత్సరం తరువాత మా సంచిక తెలుగు విభాగాన్ని గిట్‌లోనే ఉంచుతున్నాము. ఫైలు పేరు ఒక్కటే. విద్యార్థి సంపాదకులు మొదట విసుగుకొన్నా, తమ కవితలో ఎవరు ఏ పదం మార్చారో చూచుకోగలిగిన తరువాత అలవాటు పడ్డారు. ప్రతి మార్పునకూ కారణం వ్రాయడం నియమం. ఉస్తాద్ కలంతో దిద్దుకొన్న ప్రతిని అడిగి తెచ్చి, మరుసటి సంచికలో ఆ వ్యాసాన్ని సవరణతో, నా క్షమాపణతో మళ్ళీ ముద్రించాము.

సంచిక ఇవ్వడానికి వారి ఇంటికి పోయాను. ఉస్తాద్‌కు చూపు మందగించినది. మనుమడు వ్యాసం మొత్తం బిగ్గరగా చదువగా, కండ్లు మూసుకొని విన్నారు. బావి పేరా వచ్చినప్పుడు తల ఊపారు. నా మనస్సు తేలికపడినది. అంతలో ఆయన చేయి ఎత్తి, "బేటా, నాలుగు కుటుంబాలని వ్రాశాను గదా. నాలుగు కాదు, ఐదు. ఆ అయిదవ ఇంటివారిని నేనే మరచిపోయాను. వ్రాసుకో" అన్నారు.

నూత్ గారివలె చెక్కు పంపే పద్ధతి మావద్ద లేదు. మరునాడు ఒక పెట్టె ఖర్జూరం పంపి, ఆ సవరణను కారణంతో సహా నమోదు చేశాను. ఈ వ్యాసం ద్వారా అది అచ్చులోనికి కూడ వచ్చినది: ఆ బడి బావిని త్రవ్వినవారు ఐదు కుటుంబాలవారు.